ఎడమ చేతి మీద బరువు: తిరుపతి, చిత్తూరు దారుల్లో ఒక లాప్‌టాప్‌తో ఆరు రోజులు

మామిడి సీజన్ వస్తే నాకు చిత్తూరు జిల్లా ప్రయాణం తప్పదు. గుంటూరులో ల్యాబ్ పరికరాలు అమ్మి, వాటికి సర్వీసు చేసే ఒక చిన్న కంపెనీలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. పండ్ల రసంలో తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్లు, పులుపు కొలిచే పీహెచ్ మీటర్లు, చిన్న తూకం మిషన్లు మా సరుకు. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయ కోతకొస్తుంది. జ్యూస్ ఫ్యాక్టరీలు రాత్రీ పగలూ నడుస్తాయి. మా పరికరాలకు అప్పుడే పని, మాకు అప్పుడే పరుగు.

ఈసారి బ్యాగులో ఇంకో బాధ్యత కూడా ఎక్కింది. మా ఆఫీసులో ఊళ్ళు తిరిగేవాళ్ళం పది మందిమి. అందరి లాప్‌టాప్‌లూ పాతబడ్డాయి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరమో ఆ పైదో అయ్యుండాలి. మావి చాలావరకు అంతకంటే పాతవి. డీలర్ ఒకాయన వారం వాడి చూడమని ఒక మిషన్ ఇచ్చాడు. పదమూడు అంగుళాల టచ్ స్క్రీన్, మూత పూర్తిగా వెనక్కి తిరిగి పలకలా మారే రకం, దాంతో పాటు ఒక పెన్ను.

మా సార్ దాన్ని నా చేతిలో పెట్టి, "అందరికంటే ఎక్కువ తిరిగేది నువ్వే కదమ్మా. వారం వాడి చూడు. పది కొందామా వద్దా, నువ్వు చెప్పినట్టే" అన్నారు. ఆ మాటతో నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది. నాలుగైదేళ్ళ పాటు పది మంది భుజాన మోయాల్సిన వస్తువు అది. కంపెనీ పేరు ఇక్కడ రాయను. నేను చూసింది ఒక్క మిషన్, అదీ ఒక్క వారం.

బయలుదేరే ముందు మా వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద రెండూ తూచాను. కొత్తది పెన్నుతో కలిపి 1.16 కిలోలు, దాని చార్జరు 300 గ్రాములు. నా పాతది 2.1 కిలోలు, దాని ఇటుక లాంటి చార్జరు ఇంకో అరకిలో. అంటే కిలో పైన తేడా. కొట్టాయన "కిలో కందిపప్పు తగ్గినట్టే" అన్నాడు.

మొదటి రోజు, సోమవారం: గుంటూరు నుంచి తిరుపతి

సికింద్రాబాద్ నుంచి తిరుపతికి వెళ్ళే వందే భారత్ గుంటూరు మీదుగా వస్తుంది. 2023 ఏప్రిల్‌లో మొదలైన బండి. మంగళవారం తప్ప రోజూ ఉంటుంది కాబట్టి మా లాంటివాళ్ళు సోమవారమే ఎక్కేస్తారు. సీటు దగ్గర చార్జింగ్ సాకెట్ ఉన్నా కావాలనే పెట్టలేదు. నూరు శాతంతో ఎక్కాను. వెలుగు సగంలో పెట్టి, ఎక్సెల్‌లో పోయిన ఏడాది సర్వీసు లెక్కలు, మధ్యమధ్య మెయిళ్ళు, ఒంగోలు దాటాక ఒక గంట ఆన్‌లైన్ మీటింగు. రేణిగుంట వచ్చేసరికి 43 శాతం మిగిలింది.

ఈ లెక్క అర్థం చేసుకోవడం తేలికే, అందరికీ తెలిసుండాలి కూడా. బ్యాటరీ ఎంతన్నది వాట్ అవర్లలో రాస్తారు. దీనిది 57. మామూలు ఆఫీసు పనికి మిషన్ గంటకు ఆరేడు వాట్ అవర్లు తింటుంది, వీడియో మీటింగులో అంతకు రెట్టింపు కూడా తినొచ్చు. 57ను ఏడుతో భాగిస్తే ఎనిమిది గంటలు. పెట్టె మీద పదహారు గంటలనో పద్దెనిమిది గంటలనో రాసి ఉంటే, అది వెలుగు తగ్గించి, ఒకే వీడియోను తిప్పి తిప్పి కొలిచిన లెక్క కావొచ్చు. మన రోజు అలా గడవదు.

రైలు బల్ల చిన్నది. పాత లాప్‌టాప్ దాని అంచు దాటి ఒడిలోకి వచ్చేది. ఇది సరిపోయింది, పక్కన టీ కప్పుకు చోటు కూడా మిగిలింది. మూత వెనక్కి తిప్పి గుడారంలా నిలబెడితే కీబోర్డు అటువైపు పోయి తెర ఒక్కటే నా వైపు ఉంటుంది. ముందు సీటు వెనక్కి వాల్చినా తెరకు దెబ్బ తగలదు. ఇలా తిరిగే మూతలు 2012లో లెనోవో యోగాతో బజారులోకి వచ్చాయి. టచ్ కోసం మార్చి కట్టిన విండోస్ 8 కూడా ఆ అక్టోబరులోనే వచ్చింది. అప్పట్లో నేను షోరూములో చూసి ఇది మనకెందుకులే అనుకున్నాను. లాప్‌టాప్ అంటే బల్ల ముందు కూర్చుని చేసే పని అనే లెక్క అప్పట్లో నాది.

రేణిగుంట దాటాక కిటికీలో ఏడుకొండలు కనబడగానే బోగీలో సగం మంది చేతులెత్తి మొక్కారు. నేనూ మూత మూసి మొక్కుకున్నాను.

తిరుపతిలో బస్టాండుకు దగ్గరగా ఉన్న ఒక లాడ్జిలో గది. గదిలో పనిచేసే సాకెట్ ఒకటే, అదీ మంచం తలాపున, వదులైపోయి. పాత చార్జరు బరువుకు ఇలాంటి సాకెట్లలోంచి జారిపోయేది. పొద్దున లేచి చూస్తే మిషన్ ఖాళీ. అలా రెండుసార్లు దెబ్బతిన్నాను. కొత్త చార్జరు టైప్‌-సి, 65 వాట్లు, అరచేతిలో ఇముడుతుంది, సాకెట్‌లో నిలిచింది. దాంతోనే ఫోనూ చార్జ్ అయింది. ఒక సాకెట్, ఒక చార్జరు, ఒక వైరు. తిరిగేవాళ్ళకు దీని విలువ తెరలో రంగులెన్ని అనే దానికంటే ఎక్కువ.

రెండో రోజు, మంగళవారం: శ్రీసిటీ

పుత్తూరు, నాగలాపురం మీదుగా సత్యవేడు వైపు కారులో వెళ్ళాం. పుత్తూరు రాగానే మా కారు నడిపే తమ్ముడు చేత్తో చూపించి, "ఎముక ఇరిగితే యాడున్నోళ్ళైనా ఈడికే రావాలక్కా, పుత్తూరు కట్టుకు" అన్నాడు. చిత్తూరు అబ్బాయి. ఏటా మా ప్రయాణాలకు అతనే వస్తాడు. నన్ను మేడం అనడం రెండో ఏడాదే మానేశాడు.

కారులో టైపు చేయడం నాకు సరిపడదు, కళ్ళు తిరుగుతాయి. అందుకని 12 వోల్టుల సాకెట్‌లో టైప్‌-సి చార్జరు పెట్టి మిషన్‌ను నింపుకున్నాను. పాత వాటికి ఇలా కుదిరేది కాదు. పవర్ బ్యాంకు కూడా అక్కరకొస్తుంది, కాని 45 వాట్లో ఆ పైనో ఇచ్చే రకమే కొనాలి. ఫోను కోసం కొన్న చిన్నవి లాప్‌టాప్‌ను కదిలించలేవు. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్లు. మధ్యలో పోయేది పోగా దీనికి ఒక నిండు చార్జి వస్తుంది. రేణిగుంటలో విమానం ఎక్కేవాళ్ళు దాన్ని చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు. 100 వాట్ అవర్ల లోపుదైతే అనుమతి అడగక్కర్లేదు.

శ్రీసిటీలో మేం వెళ్ళిన ఫ్యాక్టరీ గేటు దగ్గర లాప్‌టాప్ సీరియల్ నెంబరు రిజిస్టరులో రాయాలి, కెమెరా మీద స్టిక్కరు అంటించాలి. పలుచటి మిషన్లలో ఆ నెంబరు అడుగున ఎంత చిన్నగా ముద్రిస్తారంటే గార్డు తన ఫోను లైటు వేసి చదివాడు. వచ్చేటప్పుడు ఒక అక్షరం తేడా వచ్చి పావుగంట నిలబడ్డాం. ఆ రాత్రే నెంబరును పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి మిషన్ అడుగున అంటించాను. పదీ కొంటే పదింటికీ ఆ పని ముందే చేయిస్తాను. దీనికి కెమెరాను మూసే చిన్న తలుపు ఉంది, కానీ గేటు దగ్గర దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మీటింగు హాల్లో గోడ మీద పెద్ద టీవీ, దానికి హెచ్‌డీఎంఐ వైరు. నా మిషన్‌కు రెండు టైప్‌-సి రంధ్రాలు, ఒక మామూలు యూఎస్‌బీ తప్ప ఇంకేమీ లేవు. ఎనిమిది మంది ఎదురుచూస్తుండగా వాళ్ళ ఐటీ అబ్బాయి అడాప్టరు వెతికి తెచ్చేసరికి పది నిమిషాలు పోయాయి. పలుచన చేయడం కోసం రంధ్రాలు తీసేస్తే ఆ పలుచదనం ఖరీదు ఇలా కడతాం. డీలర్‌తో అడాప్టరు కూడా కలిపి ఇమ్మని గట్టిగా అడగాలని ఆ హాల్లోనే రాసుకున్నాను. ఆ తర్వాత మాత్రం బాగా జరిగింది. ల్యాబ్ నక్షా మీద పెన్నుతో నేరుగా గీతలు గీసి పరికరం ఎక్కడ పెట్టాలో, నీటి పైపు ఎటు రావాలో చూపించాను. మాటలతో అరగంట పట్టేది ఐదు నిమిషాల్లో తేలింది.

మూడో రోజు, బుధవారం: దామలచెరువు, చిత్తూరు

చంద్రగిరి కోట కొండను కుడిచేతి వైపు చూసుకుంటూ పాకాల దారి పట్టాం. దామలచెరువు మామిడి మండీల గురించి విననివాళ్ళు ఈ ప్రాంతంలో ఉండరు. ట్రాక్టర్లు, మినీ లారీలు, కాయ రాశులు, వాసన. బేనీషా (బంగినపల్లి) అప్పటికే తగ్గిపోయింది, అంతా తోతాపురే. మండీలో నాకు అమ్మే పనేమీ లేదు. ఫ్యాక్టరీకి వచ్చే కాయలో తీపి రోజురోజుకీ ఎలా మారుతోందో పోల్చడానికి నాలుగు రాశుల నుంచి కాయలు తీసుకుని అక్కడే రసం పిండి కొలుస్తాను. తోతాపురి గుజ్జుకు కనీసం 14 బ్రిక్స్ అడుగుతారు కొనేవాళ్ళు. బ్రిక్స్ అంటే, పెద్దగా తప్పు లేకుండా చెప్పాలంటే, నూరు గ్రాముల రసంలో కరిగిన చక్కెర ఎన్ని గ్రాములన్నది.

పదకొండు గంటల ఎండలో లాప్‌టాప్ తెరిచాను. తెరలో నా ముఖం, నా వెనక ట్రాక్టరు, దాని వెనక ఆకాశం కనిపించాయి. అంకెలు కనిపించలేదు. వెలుగు పూర్తిగా పెంచినా అంతంతమాత్రమే. టచ్ తెరల మీద సాధారణంగా అద్దం ఉంటుంది, ఆ అద్దం ఎండను వెనక్కి కొడుతుంది. దీని వెలుగు 400 నిట్లని కాగితం మీద ఉంది. గదిలో అది ఎక్కువే. రాయలసీమ ఎండలో చాలదు. నా పాత మిషన్ తెర గరుకుగా ఉండేది, వెలుగు తక్కువైనా ఎండలో ఇంతకంటే నయం. ఈ ఒక్క విషయంలో కొత్తది ఓడిపోయిందని నిస్సంకోచంగా రాస్తున్నాను.

"ఏందక్కా, ఈ ఎండలో ఏం కనిపిస్తాది దాంట్లో? నీడకు రా" అని తమ్ముడు వేపచెట్టు కిందకి పిలిచాడు. అక్కడ ఒక పెద్దాయన కాయ దించి కూర్చుని ఉన్నారు. నేను రసం చుక్క వేసి అంకె చూసి తెర మీద పెన్నుతో రాస్తుంటే వంగి చూశారు.

"పాపా, ఈ మిషను తీపి చెప్తాదా, రేటు చెప్తాదా?"

"తీపి చెబుతుంది పెద్దాయనా."

"తీపి మాకు తెలుసు గదమ్మా."

2025లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం పైన 4 రూపాయలు ఇచ్చేలా లెక్క కట్టిన సంగతి ఆయనే చెప్పారు. కాయ కొనే ర్యాంపుల దగ్గర రోజుల తరబడి ట్రాక్టర్లు నిలబడ్డాయట. ఆయన కాయకు వచ్చిన అంకెలు, తేదీ, ఒక కాగితం మీద రాసి ఇమ్మన్నారు. నా మిషన్‌లో అన్నీ ఉన్నాయి కానీ ఆయనకు ఇవ్వడానికి కాగితం లేదు. ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను, పీడీఎఫ్ పంపినా తెరుచుకోదు. చివరికి సర్వీసు పుస్తకంలోంచి ఒక పేజీ చింపి, బాల్‌పెన్నుతో రాసి సంతకం చేసి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎంత మంచి లాప్‌టాప్ కొన్నా మావాళ్ళ సంచిలో ఆ పుస్తకం ఉండాల్సిందే.

రాత్రి చిత్తూరులో బస. రాగిసంగటి, ఊరిబిండి తిని గదికి వచ్చి మండీ అంకెలన్నీ ఎక్కించాను. రెండు గంటలు కరెంటు పోయింది. వెలుగుతున్న కీబోర్డు మీద పని సాగింది. తెలుగులో నోట్సు రాసుకోవడానికి ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది, 2019 మే అప్‌డేట్ నుంచి. విడిగా ఏదీ ఎక్కించక్కర్లేదు. మా ఆఫీసులో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే.

నాలుగో రోజు, గురువారం: జ్యూస్ ఫ్యాక్టరీ

ఈ వారమంతటికీ ఇదే అసలు రోజు.

బంగారుపాళెం దారిలో ఉన్న ఒక ఫ్యాక్టరీ. సీజన్‌లో లోపలికి అడుగు పెడితే చెప్పులు నేలకు అంటుకుంటాయి. కాయ కడిగే చోట నీళ్ళు, ముక్కలు కోసే చోట సొన, గుజ్జు కాచే చోట ఆవిరి. కాచి చల్లార్చిన గుజ్జును సూక్ష్మక్రిములు లేని సంచుల్లో నింపి 215 కిలోల డ్రమ్ముల్లో పెడతారు. ప్రతి బ్యాచ్ నుంచీ ల్యాబ్‌కు శాంపిల్ వస్తుంది. ల్యాబ్ అంటే పది అడుగుల గది. బల్లల మీద ఖాళీ లేదు, కుర్చీ ఒకటే, అది కూడా రికార్డు పుస్తకాలతో నిండి ఉంది. వాళ్ళ పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూడడానికి ఇక్కడ నేను నాలుగు గంటలు పనిచేయాలి, నాలుగు గంటలూ నిలబడే.

ఇన్నేళ్ళూ ఎలా చేశానో చెబుతాను. అంకెలు కాగితం మీద రాసుకుని, సాయంత్రం లాడ్జిలో కూర్చుని లాప్‌టాప్‌లో ఎక్కించేదాన్ని. ఒక్కోసారి 14.2 రాసింది 14.7 అని చదివేదాన్ని. తప్పు తెలిసేసరికి వేరే ఊళ్ళో ఉండేదాన్ని. ఈసారి మూత వెనక్కి తిప్పి, ఎడమ ముంజేతి మీద ఆనించి, కుడిచేత్తో పెన్ను పట్టుకున్నాను. రిఫ్రాక్టోమీటరు మీద డిస్టిల్డ్ వాటర్ చుక్క వేస్తే సున్నా రావాలి, వచ్చింది, రాశాను. ఒక్కో ద్రావణం వేశాను, ఒక్కో అంకె రాశాను. చిన్నప్పుడు బడిలో పలకను ఇలాగే ఎడమ చేత్తో పొదివి పట్టుకుని నిలబడి ఒప్పజెప్పేవాళ్ళం. చేతికి ఆ పద్ధతి గుర్తుంది.

తేలిక లాప్‌టాప్ ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. భుజం మీద కిలో తేడా తెలుస్తుంది, నిజమే, కానీ భుజం ఓర్చుకుంటుంది. ఎడమ చేయి ఓర్చుకోదు. రెండు కిలోల మిషన్‌కు టచ్ తెర పెట్టినా దండగే, దాన్ని ఎత్తి పట్టుకునేవాళ్ళు ఉండరు. కిలో మిషన్‌కు టచ్, పెన్ను లేకపోయినా సగం లాభం పోయినట్టే, దాన్ని మళ్ళీ బల్ల మీదే పెట్టాలి. తేలికదనం, టచ్, ఈ రెండూ ఒకదానికొకటి కావాలి.

అయితే ఈ 1.16 కిలోలు కూడా ఎక్కువసేపు కాదు. పది పన్నెండు నిమిషాలకు ముంజేయి గుంజింది. మధ్యలో రిఫ్రాక్టోమీటరు పెట్టె మీద ఆనించి మళ్ళీ ఎత్తుకున్నాను. కీబోర్డు ఊడదీసే రకం టాబ్లెట్లు 900 గ్రాముల దగ్గర ఉంటాయి, చేతిలో అవి ఇంకా నయం, కానీ వాటిని ఒడిలో పెట్టుకుని టైపు చేయడం కష్టం. మా పనిలో టైపింగు కూడా చాలా ఉంటుంది. ఇంకో ఇబ్బంది, పలకగా పట్టుకున్నప్పుడు కీబోర్డు కింద వేళ్ళకు తగులుతుంది. మీటలు పనిచేయవు, కానీ పట్టు సుఖంగా ఉండదు, చేతికున్న తడి, గుజ్జు మీటల సందుల్లోకి పోతుంది.

తడి దగ్గర వేలు దీన్ని నడపలేదు. తెర మీద ఆవిరి పట్టి చుక్కలు నిలవగానే నేను తాకని చోట్ల కూడా ఏవేవో తెరుచుకున్నాయి. ఇది ఈ మిషన్ తప్పు కాదు. ఈ తెరలు వేలిలో ఉండే విద్యుత్ స్వభావాన్ని పట్టుకుని పనిచేస్తాయి, నీటి చుక్క కూడా వాటికి వేలులాగే అనిపిస్తుంది. పలుచటి నైట్రైల్ గ్లౌజుతో సగం పనిచేసింది, మందపాటి రబ్బరు గ్లౌజుతో అసలు లేదు. పెన్ను మాత్రం ఏ గ్లౌజు వేసుకున్నా ఒకేలా రాసింది, దానికి చర్మంతో పని లేదు కాబట్టి. అరచేయి తెరకు ఆనినా గీతలు పడలేదు. ఫ్యాక్టరీలో టచ్ అంటే నా లెక్కలో పెన్నే.

పని అయ్యాక ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి చేత, పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయని చెప్పే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టించాలి. ఇదివరకు ప్రింటు తీసి పంపితే సంతకమై తిరిగి వచ్చేసరికి రెండు వారాలు. ఆమె చేతికి పెన్ను ఇచ్చాను. గ్లౌజు తీయకుండానే చక్కగా తెలుగులో సంతకం చేసి, "కాగితం మీద మాదిరే ఉండాది మేడం" అంది. ఫోను హాట్‌స్పాట్ పెట్టి అక్కడి నుంచే వాళ్ళ మేనేజరుకూ, మా ఆఫీసుకూ పంపాను. ఐదు నిమిషాల్లో మా సార్ నుంచి "అందింది" అని జవాబు. ఆ మాట చదువుతుంటే సంతోషంతో గొంతు పట్టేసింది. పన్నెండేళ్ళ నుంచి సాయంత్రాలు తినేసిన పని అది.

ఒక్క సంగతి మిగిలింది, వేడి. ఆ గదిలో 38 డిగ్రీలు ఉంది. ఇలాంటి లాప్‌టాప్‌లను చాలా కంపెనీలు 35 డిగ్రీల వరకు వాడటానికే తయారుచేస్తాయి. మూడో గంటలో ఫ్యాను గట్టిగా మోగింది, మిషన్ వీపు నా ముంజేతికి చురుక్కుమంది, పెద్ద ఎక్సెల్ తెరవడం నెమ్మదించింది. లోపలి వేడి పెరిగితే ప్రాసెసరు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పలుచటి ఒంట్లో గాలి ఆడే చోటు తక్కువ. మా పనికి సరిపోయింది, ఆగిపోలేదు. కానీ ఎండలో నిలిపిన కారులో దీన్ని వదలొద్దని అందరికీ రాసి ఇస్తాను, బ్యాటరీ ఆయుష్షు తీసేది ఆ వేడే.

రాత్రి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ తడిపి తెర, మీటలు తుడిచాను. గుడ్డ పసుపుపచ్చగా మారింది.

ఐదో రోజు, శుక్రవారం: కాణిపాకం, పలమనేరు

పొద్దున్నే కాణిపాకం. అక్కడ తప్పుడు ప్రమాణం చేయడానికి ఎవరూ సాహసించరంటారు. తగవులు పడ్డవాళ్ళు కోనేట్లో మునిగి వరసిద్ధి వినాయకుడి ఎదుట ప్రమాణం చేస్తారు. నేను దణ్ణం పెట్టుకుని, ఈ మిషన్ గురించి చూసిందే రాస్తాను, డీలర్ మొహమాటానికి ఒక్క ముక్క కలపను అని మనసులో అనుకున్నాను.

పలమనేరులో పని గంటలో అయిపోయింది. తిరుగు దారిలో తమ్ముడికి ఇంటి దగ్గర పని పడితే నేను చిత్తూరు నుంచి తిరుపతికి ఆర్టీసీ బస్సెక్కాను. ఒడిలో పెట్టుకుని టైపు చేయబోతే, తెరను వేలితో తాకిన ప్రతిసారీ మూత వెనక్కి ఊగింది. ఒడిలో ఉన్నప్పుడు టచ్ మరిచిపోవడమే మంచిది. బరువు తక్కువ కాబట్టి కుదుపుకు మిషనే ముందుకు జారుతుంది, చున్నీ కింద వేసుకుని ఆపాను. పూతలపట్టు దాటాక మూసేశాను.

ఆరో రోజు, శనివారం: తిరుపతి

శనివారం కొండ మీద రద్దీ ఎంతుంటుందో తెలుసు కాబట్టి తిరుచానూరు అమ్మవారి దర్శనంతో సరిపెట్టుకున్నాను. గుడిలోకి ఎలక్ట్రానిక్ వస్తువులు తీసుకుపోకూడదు. లాప్‌టాప్‌ను లాడ్జి కౌంటర్లో అప్పజెప్పి వెళ్ళాను. కస్టమర్ల రిపోర్టులన్నీ అందులో ఉన్నా గుడిలో మనసు నిలిచిందంటే కారణం, డిస్కుకు విండోస్‌లోని బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉండడం. మిషన్ పోయినా లోపలి సమాచారం ఎవరూ చదవలేరు. ఆ తాళం తీసే రికవరీ నెంబరు మాత్రం మిషన్ సంచిలోనే పెట్టకూడదు. మా ఆఫీసులో ఇద్దరు అలాగే పెట్టుకున్నారు, వాళ్ళకు చెప్పాలి.

మధ్యాహ్నం గదిలో రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. పదీ వద్దు, ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసే ఆరుగురికి ఇది, ఆఫీసుల్లో కూర్చుని మాట్లాడే నలుగురికి ఇంతే బరువున్న, గరుకు తెర ఉన్న, టచ్ లేనిది. డీలర్ చెప్పిన ధరలో రెండింటికీ తేడా బాగానే ఉంది, అది మిగులుతుంది. ర్యామ్ 16 జీబీకి తగ్గకూడదు, ఇలాంటి పలుచటి వాటిలో అది బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. అడాప్టరు కలిపి ఇవ్వాలి. ఇంతవరకు రాసి, చివర సంతకం పెడదామని పెన్ను కోసం మిషన్ పక్కన తడిమాను. లేదు.

పెన్ను మిషన్ పక్కన అయస్కాంతంతో అంటుకుని ఉంటుంది. సంచిలో, కుర్చీలో, మంచం కింద అంతా వెతికాను. బస్సులో జారిందేమో, కారులోనో. వారమంతా నేను గొప్పగా రాసుకున్నదంతా ఆ పెన్ను మీదే నిలబడి ఉంది.

సాయంత్రం ఫోను మోగింది. ఫ్యాక్టరీ ల్యాబ్ అమ్మాయి. "మేడం, మీ పెన్ను మా రికార్డు బుక్కుల్లో ఉండాది. నిన్ననే చూసినా, మీ నెంబరు ఇప్పుడు దొరికింది." నన్నడిగితే శుక్రవారమంతా నేను పెన్ను తీయనే లేదు, అందుకే తెలియలేదు. ఆర్టీసీ కార్గోలో గుంటూరుకు వేయమన్నాను. "భద్రంగా కట్టి పంపిస్తా మేడం" అంది.

రిపోర్టు మళ్ళీ తెరిచి, మొదటి పేరా పైన ఈ వాక్యం చేర్చాను: పెన్ను ఒంట్లోనే దూరే గాడి ఉన్న మోడల్ ఉంటేనే ఆరు కొందాం, అయస్కాంతంతో అంటుకునేది వద్దు. కొన్ని మోడళ్ళలో అలాంటి గాడి ఉంటుంది. డీలర్‌ను సోమవారం అడుగుతాను.